కాలిన్ కౌంటీలో తుపాకీ కేసు: ఎన్ని రోజుల జైలు అన్నది రెండో ప్రశ్న

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ తమ్ముడు హెచ్-1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు వేట లైసెన్సు తీసుకుని, దాని ఆధారంగా ఒక పిస్టల్ కొనుక్కున్నాడు. శుక్రవారం రాత్రి విందు ముగించుకుని వస్తుంటే పోలీసులు కారు ఆపి, తాగి నడుపుతున్నాడని అరెస్టు చేశారు. సీటు పక్కన ఉన్న పెట్టెలో పిస్టల్ దొరకడంతో రెండో కేసు కూడా పెట్టారు. బాండ్, అంటే బెయిలు, మీద బయటికి వచ్చాడు. కాలిన్ కౌంటీలో ఇటువంటి కేసులకు మామూలుగా ఎంత శిక్ష పడుతుంది, డిఫర్డ్ (నేరం ఒప్పుకున్నాక దోషి అన్న ప్రకటనను వాయిదా వేసే పద్ధతి) తీసుకుంటే కేసు పోయినట్టేనా అని అడిగారు. నేను ఉత్తర టెక్సస్‌లో క్రిమినల్ డిఫెన్స్ న్యాయవాదిగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేది మీ తమ్ముడి ఫైలు చూసి ఇస్తున్న సలహా కాదు, కేసు నడిచే తీరు గురించిన వివరణ మాత్రమే.

ముందుగా మీరు అడిగిన అంకెలు చెబుతాను. మొదటిసారి తాగి నడిపిన కేసు, అంటే డీడబ్ల్యూఐ, టెక్సస్‌లో క్లాస్ బి మిస్‌డిమీనర్. మిస్‌డిమీనర్ అంటే చిన్న నేరం, అందులో క్లాస్ ఎ బి కంటే పెద్దది. దానికి గరిష్ఠంగా 180 రోజుల కౌంటీ జైలు, 2,000 డాలర్ల జరిమానా ఉంటాయి. రక్తంలో ఆల్కహాలు 0.15 లేదా అంతకు మించితే అది క్లాస్ ఎ అవుతుంది. పిస్టల్ మీద పెట్టినది టెక్సస్ శిక్షాస్మృతి 46.02 కింద చట్టవిరుద్ధంగా ఆయుధం వెంట ఉంచుకోవడం. అది క్లాస్ ఎ మిస్‌డిమీనర్, గరిష్ఠంగా ఏడాది కౌంటీ జైలు, 4,000 డాలర్ల జరిమానా. ఇవి పైకప్పులు మాత్రమే. ఇంతకు ముందు ఏ కేసూ లేని, ప్రమాదం చేయని, తుపాకీ ఎవరికీ చూపించని మనిషికి ఈ రెండు కేసుల్లో అరెస్టయిన రాత్రి గడిపిన జైలు కాక మరి కొన్ని నెలలు పడడం నేను చాలా అరుదుగా చూశాను. ఏడాది, ఏడాదిన్నర ప్రొబేషనో (జైలుకు బదులు షరతులతో పర్యవేక్షణ) డిఫర్డో, జరిమానా, కోర్టు ఖర్చులు, తరగతులు, సమాజ సేవ గంటలు, ఇదీ మామూలుగా జరిగేది. డాలస్ కౌంటీతో పోలిస్తే కాలిన్ కౌంటీ గట్టిదన్న పేరు మా వృత్తిలో ఉంది. ఆ పేరులో కొంత నిజం ఉన్నా, ఇటువంటి కేసులో ఆ తేడా మీ తమ్ముడి జీవితాన్ని మార్చేంత పెద్దది కాదు. మార్చేది వేరొకటి ఉంది, దానికే వస్తున్నాను.

కారులో తుపాకీ పెట్టుకోవడం టెక్సస్‌లో నేరం కాదు కదా, మరి కేసెందుకు అని చాలామంది అడుగుతారు. 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకునే చట్టం వచ్చిన మాట నిజం. కారులో పెట్టుకునే వెసులుబాటు అంతకు ముందు నుంచే ఉంది. కానీ ఆ వెసులుబాటుకు ముఖ్యంగా రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, ఆ సమయంలో ఆ మనిషి మరో నేరం చేస్తూ ఉండకూడదు. చిన్న ట్రాఫిక్ ఉల్లంఘనలు లెక్కలోకి రావు కానీ డీడబ్ల్యూఐ వస్తుంది. అందువల్లే తాగి నడుపుతూ పట్టుబడిన మనిషి కారులో తాళం వేసిన పెట్టెలో ఉన్న పిస్టల్ కూడా రెండో కేసవుతుంది. రెండోది, తుపాకీ కలిగి ఉండకూడదని చట్టం నిషేధించిన వ్యక్తి అయి ఉండకూడదు. మన వాళ్లు ఎక్కువగా పడిపోయే గుంట ఈ రెండోదే.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకీ చేతపట్టలేం కాబట్టి, ఇక్కడ దుకాణంలో గాజు పెట్టెలో పెట్టి అమ్ముతుంటే, కొన్నాక ఇంక అంతా సక్రమమే అనుకోవడం సహజం. కానీ అమెరికా ఫెడరల్ చట్టం నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవారికి, అంటే హెచ్-1బి, విద్యార్థుల ఎఫ్-1, హెచ్-1బి వారి కుటుంబ సభ్యుల హెచ్-4 అందరికీ, తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండడాన్ని నిషేధించింది. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో మన వాళ్లకు పనికివచ్చేది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. టెక్సస్ వార్షిక వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొన్నప్పుడు ఉన్న లైసెన్సు సెప్టెంబరు 1న లేకపోతే, అల్మరాలో కదలకుండా పడి ఉన్న పిస్టల్ కూడా ఆ తెల్లవారి నుంచి ఫెడరల్ నేరానికి వస్తువవుతుంది. ఒక్కసారి కూడా వేటకు వెళ్లని మనిషికి ఆ తేదీ గుర్తుండకపోవడంలో ఆశ్చర్యం లేదు. దుకాణం వాడు గుర్తు చేయడు, ప్రభుత్వం నుంచి ఉత్తరం రాదు. మీ తమ్ముడు ఆ లైసెన్సు పొడిగించుకున్నాడో లేదో మీరు రాయలేదు, మంచి పని చేశారు. ఆ సంగతి ఆయన న్యాయవాదికి తప్ప ఎవరికీ చెప్పకండి, నాకు కూడా.

ఎందుకు చెప్పకూడదో కొంచెం విడమరిచి చెప్పాలి. ప్రస్తుతం పిస్టల్ కేసు డీడబ్ల్యూఐ అనే కాలి మీద నిలబడి ఉంది. కారు ఆపడానికి సరైన కారణం లేదని గానీ, రక్త పరీక్ష చెల్లదని గానీ తేలి డీడబ్ల్యూఐ పడిపోతే, ఆ కాలు విరిగి పిస్టల్ కేసు కూడా కూలుతుంది. కానీ నిషేధిత వ్యక్తి అన్న రెండో కాలు ప్రభుత్వం చేతికి అందితే, డీడబ్ల్యూఐ పోయినా పిస్టల్ కేసు మిగులుతుంది. పైగా అప్పుడు అది ఫెడరల్ ప్రాసిక్యూటర్ కంట కూడా పడవచ్చు. ఆ ఫెడరల్ నేరానికి 2022 జూన్‌లో వచ్చిన చట్టంతో గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. నేర చరిత్ర లేని వ్యక్తి నేరం ఒప్పుకుంటే ఫెడరల్ శిక్షా మార్గదర్శకాల లెక్క సాధారణంగా 10 నుంచి 16 నెలల దగ్గర తేలుతుంది. కేవలం వేట, క్రీడల కోసమే ఉంచుకున్నాడని నిరూపించగలిగితే ఇంకా బాగా తగ్గుతుంది. 2019లో అమెరికా సుప్రీంకోర్టు రెహైఫ్ కేసులో, తాను నిషేధిత వర్గంలో ఉన్నానని ముద్దాయికి తెలుసునని కూడా ప్రభుత్వం నిరూపించాలని చెప్పింది. ఆ కేసులోని ముద్దాయి కూడా విద్యార్థి వీసా మీద వచ్చి ఒక షూటింగ్ రేంజ్‌కు వెళ్లినవాడే. నా అనుభవంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒంటరి హెచ్-1బి మనిషి మీద ఫెడరల్ కేసు అరుదు, కానీ అరుదు అన్న మాట మీద ధీమాగా కూర్చోలేం.

కేసు ఎక్కడికి వెళుతుందన్నది త్వరగా చెప్పేస్తాను. ఫ్రిస్కో నగరం సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంటుంది. కారు ఆపిన చోటును బట్టి కౌంటీ మారుతుంది కాబట్టి ముందు బాండ్ కాగితం మీద ఏ కౌంటీ ఉందో చూడండి. కాలిన్ అయితే మెకినీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీద ఉన్న కోర్టు భవనానికి వెళ్లాలి. క్లాస్ ఎ, క్లాస్ బి మిస్‌డిమీనర్లు కౌంటీ కోర్టుల్లో నడుస్తాయి, ఫెలనీలు, అంటే పెద్ద నేరాలు, గ్రాండ్ జ్యూరీ (కేసు నడపడానికి ఆధారం ఉందో లేదో చూసే పౌరుల బృందం) దాటి డిస్ట్రిక్ట్ కోర్టులకు వెళతాయి. మిస్‌డిమీనర్ కేసు దాఖలు చేయడానికి ప్రభుత్వానికి రెండేళ్ల గడువు ఉంది. నెలలు గడిచినా ఉత్తరం రాలేదని కేసు పోయిందనుకున్న వాళ్లు నాకు తెలుసు, అది పొరపాటు.

ఇప్పుడు కేసు ముగిసే దారులు. డిఫర్డ్ తీసుకుంటే కేసు పోయినట్టేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

అమెరికా పౌరుడికైతే ఏ న్యాయవాదైనా ముందుగా చూపించేది డిఫర్డ్ అడ్జుడికేషన్. నేరం ఒప్పుకుంటారు, జడ్జి దోషి అని ప్రకటించకుండా వాయిదా వేసి షరతులు పెడతారు, గడువు సజావుగా గడిస్తే కేసు కొట్టేస్తారు. మిస్‌డిమీనర్లలో ఆ గడువు రెండేళ్లు దాటకూడదు. టెక్సస్ చట్టం దృష్టిలో అది శిక్ష పడిన కేసు కాదు. 2019 సెప్టెంబరు నుంచి, ఆల్కహాలు 0.15 కంటే తక్కువ ఉన్న మొదటి డీడబ్ల్యూఐకి కూడా ఈ దారి తెరిచారు. అందుకే పౌరసత్వం ఉన్న మిత్రులు మీ తమ్ముడితో డిఫర్డ్ తీసుకో, ఏమీ కాదు అని నిజాయితీగానే చెబుతారు. వాళ్ల విషయంలో అది నిజమే. ఇమిగ్రేషన్ చట్టానికి మాత్రం కన్విక్షన్, అంటే దోషిగా నిర్ధారణ, అనే మాటకు సొంత నిర్వచనం ఉంది: నేరాన్ని ఒప్పుకోవడం గానీ, దోషిగా తేలడానికి సరిపడే వాస్తవాలను అంగీకరించడం గానీ జరిగి, దానికి తోడు జడ్జి ఏదో ఒక రూపంలో శిక్షనో ఆంక్షనో విధిస్తే చాలు. డిఫర్డ్‌లో ఈ రెండూ ఉన్నాయి. కౌంటీ కోర్టు కేసు కొట్టేసి ఆరేళ్లయినా, ఇమిగ్రేషన్ అధికారి లెక్కలో అది కన్విక్షనే.

తుపాకీ విషయంలో ఈ నిర్వచనం మామూలు కేసులకంటే ఎక్కువగా కోస్తుంది. వీసా మీద గానీ గ్రీన్ కార్డు మీద గానీ దేశంలోకి ప్రవేశించిన వ్యక్తి తుపాకీ కొనడం, అమ్మడం, వాడడం, కలిగి ఉండడం, వెంట తీసుకెళ్లడం వంటి నేరాల్లో కన్విక్ట్ అయితే, దేశం నుంచి పంపివేయడానికి అదొక్కటే ప్రత్యేక కారణంగా చట్టంలో ఉంది. శిక్ష ఎంత అన్నదానితో దానికి పని లేదు, ఒక్క రోజు జైలు పడకపోయినా సరే. ఆ కారణం కింద పట్టుకుంటే కేసు తేలేదాకా బాండ్ లేకుండా నిర్బంధించాలని మరో సెక్షన్ చెబుతుంది. ఇందుకు భిన్నంగా, గాయాలు లేని సాధారణ మొదటి డీడబ్ల్యూఐ తనంతట తానుగా పంపివేతకు కారణం కాదు. 2004లో లియోకల్ కేసులో సుప్రీంకోర్టు, గాయాలు జరిగిన డీడబ్ల్యూఐని కూడా హింసాత్మక నేరం కింద లెక్కకట్టడానికి ఒప్పుకోలేదు. కాబట్టి మీ తమ్ముడి రెండు కేసుల్లో, కౌంటీ కోర్టులో బరువుగా కనిపించేది డీడబ్ల్యూఐ అయినా, అసలు బరువు ఉన్నది పిస్టల్ కేసులో. పిస్టల్ కేసులో డిఫర్డ్, డీడబ్ల్యూఐ కొట్టివేత అని ప్రాసిక్యూటర్ ఇస్తే అది పౌరుడికి వరం. మీ తమ్ముడికి అది తలకిందులు బేరం.

డైవర్షన్ అనే మాట కూడా వింటారు. జడ్జి ముందు నేరం ఒప్పుకోకుండా, డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయంతో ఒప్పందం చేసుకుని షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. తుపాకీ కేసులకు ఇస్తారా ఇవ్వరా అన్నది ప్రతి కార్యాలయం సొంత నియమం. ఇచ్చినా సరే, ఒప్పందంలోని వాక్యాలు ఒక్కొక్కటీ చదవాలి. 2017లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు మొహమ్మద్ అనే వ్యక్తి కేసులో, అదీ టెక్సస్ డైవర్షన్ ఒప్పందం గురించే, ఒప్పందంలోకి దిగేటప్పుడే సరిపడే వాస్తవాలు ఒప్పుకుని, జడ్జి ఆ ఒప్పందాన్ని ఆమోదించి పర్యవేక్షణ షరతులు పెడితే అది కన్విక్షనే అని తీర్పు చెప్పింది. అంటే డైవర్షన్ అన్న పేరు కాపాడదు. లోపల ఒప్పుకోలు ఉందా, జడ్జి సంతకం ఉందా, ఆ రెండే చూస్తారు. నేరాన్ని ఒప్పుకుంటూ ముందే రాసి ఇవ్వమనే పత్రం ఆ ఒప్పందం వెనక కుట్టి ఉంటే, అది మొదటి పేజీకంటే ముఖ్యమైనది.

ఇంకో పద్ధతి మా కోర్టుల్లో రోజూ జరుగుతుంది, బయటివాళ్లకు అంతగా తెలియదు. ఒక కేసులో శిక్ష వేసేటప్పుడు ముద్దాయి మరో పెండింగ్ కేసులో తప్పును కూడా అంగీకరిస్తే, జడ్జి దాన్ని పరిగణనలోకి తీసుకుంటారు, ఆ రెండో కేసు మీద ఇక విచారణ ఉండదు. శిక్షాస్మృతి 12.45 కింద దీన్ని చేస్తారు కాబట్టి కారిడార్‌లో అందరూ ఆ అంకెతోనే పిలుస్తారు. డీడబ్ల్యూఐకి ప్లీ చేసి, అంటే నేరం ఒప్పుకుని, పిస్టల్‌ను 12.45 కింద కలిపేద్దాం అని ప్రాసిక్యూటర్ స్నేహపూర్వకంగా అంటారు, ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ పని జరగాలంటే తుపాకీ నేరాన్ని కోర్టు రికార్డులో ఒప్పుకోవాలి. వీసా ఉన్న మనిషి అలా ఒప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. పిస్టల్ కేసు ఏ ఒప్పుకోలూ లేకుండా విడిగా కొట్టివేత కావాలని, దానికి బదులు డీడబ్ల్యూఐలో షరతులు కొంచెం గట్టిగా తీసుకోవడానికి సిద్ధమని చెప్పి బేరమాడటం మేలు. లేదా తుపాకీ ప్రస్తావనే లేని వేరే చిన్న సెక్షన్‌కు మార్చమని అడగవచ్చు. శాంతిభంగం కింద మారుస్తామని అంటే, ఆ సెక్షన్‌లోనే భయం కలిగించేలా తుపాకీ ప్రదర్శించడం అన్న ఉపభాగం ఉందని గుర్తుంచుకోండి. ఏ ఉపభాగం రాశారో కాగితం మీద చూడకుండా తల ఊపకూడదు.

బేరం కుదరకపోతే విచారణ ఉంది. కారు ఆపడానికి కారణం, ఆపాక ఎంతసేపు నిలబెట్టారు, సోదా ఏ ఆధారంతో చేశారు, ఇవన్నీ బాడీ కెమెరా వీడియోలో ఉంటాయి. ట్రాఫిక్ పని ముగిశాక సరైన అనుమానం లేకుండా ఆపి ఉంచడం చెల్లదని 2015లో సుప్రీంకోర్టు రోడ్రిగెజ్ కేసులో చెప్పింది. అటువంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టే నియమం టెక్సస్ ప్రక్రియా స్మృతిలో కూడా ఉంది. నేను చూసినంతలో మిస్‌డిమీనర్ తుపాకీ కేసులు బలహీనపడేది ఎక్కువగా ఇక్కడే, జ్యూరీ ముందు వాక్చాతుర్యంతో కాదు.

మీ కేసుకు సంబంధం లేకపోయినా, ఇదే కౌంటీలో తుపాకీ ఫెలనీల గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇంటర్నెట్‌లో కనిపించే పెద్ద శిక్షలు వాటివే, వాటిని చూసి మీ ఇంట్లో వాళ్లు భయపడుతున్నట్టున్నారు. స్కూలు, కోర్టు, విమానాశ్రయంలో తనిఖీ దాటిన ప్రాంతం వంటి చోట్లకు తుపాకీ తీసుకెళ్లడం, ఫెలనీ పడిన మనిషి తుపాకీ ఉంచుకోవడం థర్డ్ డిగ్రీ (మూడో స్థాయి) ఫెలనీలు, రెండు నుంచి పదేళ్లు. తుపాకీతో బెదిరించడం దాడిగా మారితే అంతకంటే తీవ్రమైన సెకండ్ డిగ్రీ, రెండు నుంచి ఇరవై ఏళ్లు. తీర్పులో మారణాయుధం వాడారన్న నిర్ధారణ చేరితే శిక్షలో సగం పూర్తయ్యేదాకా పెరోల్ అర్హత ఉండదు. బ్యాగులో పిస్టల్ మర్చిపోయి విమానాశ్రయ తనిఖీలో దొరికిపోయిన సందర్భాల్లో, టెక్సస్ క్యారీ లైసెన్సు (పిస్టల్ వెంట ఉంచుకునే లైసెన్సు) ఉన్నవారు చెప్పగానే వెనక్కి వెళ్లిపోతే అరెస్టు నుంచి తప్పించుకునే నిబంధన ఉంది. లైసెన్సు లేనివారికి ఆ మార్గం లేదు. మీ తమ్ముడి కేసు వీటిలో ఏదీ కాదు.

ఇక ఇప్పుడు చేయవలసినవి. క్రిమినల్ న్యాయవాదితో పాటు, నేరాల ఇమిగ్రేషన్ పర్యవసానాలు తెలిసిన న్యాయవాదిని కూడా ప్లీకి ముందే పెట్టుకోండి, తరువాత కాదు. ప్లీ వల్ల దేశం నుంచి పంపివేత ముప్పు ఉంటే క్రిమినల్ న్యాయవాది ఆ మాట చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కాబట్టి ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు. పట్టుకున్న పిస్టల్ తిరిగి ఇవ్వమని దరఖాస్తు పెట్టవద్దు. చట్టం అందుకు అవకాశం ఇస్తుంది నిజమే, కానీ ఆ దరఖాస్తు తుపాకీ నాదే అని సంతకం చేసి ఇచ్చినట్టు. ఇంట్లో మరో తుపాకీ ఉంటే, అది గ్రీన్ కార్డు ఉన్న భార్య పేరు మీదదే అయినా, ఇద్దరికీ తాళం అందుబాటులో ఉంటే ఇద్దరి ఆధీనంలో ఉన్నట్టే లెక్క వేయవచ్చు. దాన్ని ఏం చేయాలో న్యాయవాది చెప్పేదాకా మీ తమ్ముడు ముట్టుకోకపోవడం మంచిది. చివరికి కేసు ఏ ఒప్పుకోలూ లేకుండా కొట్టివేత అయితే, రికార్డు చెరిపివేయించే ముందు కోర్టు ధ్రువీకరించిన నకళ్లు రెండు మూడు తీసి దాచండి. చెరిపేశాక కోర్టు దగ్గర కాగితం దొరకదు, గ్రీన్ కార్డు దరఖాస్తులో మాత్రం అరెస్టు గురించి అడుగుతారు.

ఆఖరుగా, డిసెంబరులో పెళ్లికి హైదరాబాద్ వెళ్లాలనుకుంటున్నాడని రాశారు. డీడబ్ల్యూఐ అరెస్టు ఒక్కటే, కన్విక్షన్ లేకపోయినా, వీసాను రద్దు చేయడానికి అమెరికా విదేశాంగ శాఖ అయిన స్టేట్ డిపార్ట్‌మెంట్‌కు సరిపోతుంది. ఆ సమాచారం ఈమెయిల్‌లో వస్తుంది. వీసా ముద్ర రద్దయినా, ఇక్కడ ఉండి పనిచేసుకునే హోదా సాధారణంగా ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) మీద కొనసాగుతుంది, కానీ దేశం దాటితే నానక్‌రాంగూడలోని కాన్సులేట్‌లో కొత్త వీసాకు నిలబడాలి. అక్కడ డీడబ్ల్యూఐ కారణంగా కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ వైద్యుడి దగ్గరకు పరీక్షకు పంపుతారు, పిస్టల్ కేసు పెండింగ్‌లో ఉంటే ఆ ఫైలు ఎన్ని నెలలు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా బాండ్ షరతుల్లో కోర్టు అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదని ఉండి ఉండవచ్చు. టికెట్లు ఇంకా కొనకపోతే కొనవద్దు. కొని ఉంటే, ఆ షరతుల కాగితం తీసుకుని సోమవారమే న్యాయవాదిని కలవమనండి.